చిన్నదాని డిస్కు

వైశాఖమాసపు మధ్యాహ్నమున చండభానుకిరణపరితప్తములైన విశాఖపట్టణపు రేవువీథులు నిర్జనములై వేడిగాలికి కిటికీరెక్కలు టపటపలాడుచుండగా నావికసంక్షేమకార్యాలయములోని సర్వరుగది మాత్రము శీతలయంత్రప్రభావమున హేమంతనివాసమై యొప్పుచుండెను. అందు నూతనముగా నిలుపబడిన జోడుయంత్రములు రెండు గలవు. దూరసముద్రసంచారులగు నావికులును వారి యాలుబిడ్డలును వ్రాసికొను ఈమెయిలు లేఖలన్నియు రెంటిలోని డిస్కులయందును సమానముగా నిలిచియుండి యొకటి కూలినను రెండవది తత్క్షణమే పని నందుకొనవలెనని యేర్పాటు. ఆ యంత్రములను కార్యాలయమువారు పెద్దది చిన్నది యని ముద్దుగా పిలిచెడివారు.

పేరిశెట్టి గవర్రాజు ఆ యేర్పాటునకు పెద్ద ఇంజనీరు. ఆతని తమ్ముడు నూకరాజు ఆరేండ్ల క్రిందట నడిసముద్రమున మరణించెను. ఆతడు అన్నకు వ్రాసిన నలువదియేడు లేఖలు ఈ యంత్రములందే యున్నవి. ఇదివరకు లేఖలుండిన పాతయంత్రమును ఆ యుదయమే ఖాళీ చేసివేసిరి; నకళ్లు తీయుట యింకను మొదలు కాలేదు. ఎంత తొందరపాటు!

రెండు యంత్రములకు మాటలు కలియనిచో పని యెవరిదో తేల్చుటకు సాక్షిడిస్కను నొక చిన్న డిస్కు వేరుగా నుండెను. దానిలోని పాతసమాచారమంతయు తుడిచి సిద్ధపరచవలసియుండ గవర్రాజు గుమ్మమున ఫోను మాటాడుచునే సహాయురాలగు కంబాల సుభాషిణికి పని పురమాయించెను.

"అమ్మా, ఆ చిన్నది ఓపాలి తుడిచెయ్యి."

"మొత్తం తుడిచెయ్యమంటారా సార్?"

"ఆఁ, మొత్తం."

ఆమె తుడిచెను. గవర్రాజు వచ్చి చూచునప్పటికి సాక్షిడిస్కు యథాతథముగా నున్నది. చిన్నదాని లేఖలడిస్కు శూన్యమై యున్నది.

"ఓలమ్మో! నేను చెప్పింది సాక్షిడిస్కు కదమ్మా!"

"చిన్నదంటే మన చిన్నదే అనుకున్నాను సార్!" అని సుభాషిణి గొల్లుమనెను.

ఒకదానియందు జరిగినది రెండవదానియందును జరుగునట్లు కూర్చినవాడు తానే గదా! తుడుపును పెద్దదానికి సోకెనేమో యను భయమున గవర్రాజు తెరవైపు చూడలేకపోయెను.

"నువ్వే చూడమ్మా. మా తమ్ముడి ఉత్తరాలు..."

ఆమె పెద్దదానిలో వెదకెను. "ఉన్నాయి సార్! నలభై ఏడూ ఉన్నాయి. డిస్కు పోగానే జత తెగి, తుడుపు చిన్నదాని దగ్గరే ఆగిపోయింది."

పిమ్మట ఆ శూన్యమైన డిస్కును మరల జతచేసినంతనే, ఔరా, యేమి చెప్పుదుము! పెద్దది వచ్చు లేఖల నందుకొనుచునే పోవు లేఖల బంపుచునే తనయందున్న లక్షలకొలది లేఖలను క్రమము తప్పక చిన్నదానికి ధారపోయ నారంభించెను. ఇరువురును కాఫీ మాట మరచి సాయంకాలమువరకు నోరు తెరచుకొని చూచుచుండిరి.

సాక్షిడిస్కునుగూడ ఈసారి పేరుపెట్టి చెప్పి తుడిపించిన పిదప గవర్రాజు, తమ్ముడు తుదిపయనమునకు ముందు వ్రాసిన కడపటి లేఖను తెరపై తెరచెను.

"పెద్దదాన్ని ఆర్పి చూడకపోతే మన పని అయినట్టు కాదమ్మా."

"ఇవాళే వద్దు సార్, నాకు భయంగా ఉంది."

"నాకూ భయమే."

అని పలికి ఆతడు స్వహస్తముతో పెద్దదాని తీగ లాగివేసెను. తెర తెల్లబోయెను. సుభాషిణి కన్నులు మూసికొనెను. పది గడియారపు టిక్కులు గడచునంతలో చిన్నదాని దీపములన్నియు నొక్కమారుగా వెలిగి లేఖ మరల ప్రత్యక్షమయ్యెను.

"అన్నా, రేవు చేరాను. బెంగ పెట్టుకోకు."

ఆరేండ్లనాటి యా మాటను అప్పుడే వచ్చినదానివలె గవర్రాజు నిలుచుండియే మరల మరల చదివెను.