వడ్లగింజంత, తెలుపు

దేవనాథన్‌గారికి కుడికంటి శుక్లం తీసేసి పదిహేను రోజులైంది. ఆ పదిహేను రోజులూ ఆయన ఇంట్లో కూర్చుని భార్య పంకజవల్లిని వేపుకు తిన్నారు. ఫ్యాన్ గాలి తగులుతోందని ఒకసారి, తలకు నీళ్లు పోసుకోనివ్వడం లేదని ఒకసారి, చుక్కల మందు వేళ దాటిపోయిందని ఇంకోసారి. పదహారో రోజు పొద్దున కాఫీ కూడా తాగకుండా మేడెక్కి, తులసి కుండీల దగ్గర నుంచి “పంకజం” అని ఒక కేక పెట్టారు. కన్నే పోయిందనుకుని ఆవిడ గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

కంటికేం కాలేదు. తులసి వెన్ను మీద ఒక ఈగ వాలి ఉంది, అంతే.

“తెల్లపట్టీ వచ్చింది పంకజం. మూడేండ్లకు తిరిగొచ్చింది” అన్నారాయన.

ఈగంటే అన్నం మీద ముసిరే ఈగ కాదు. ఇది చూడ్డానికి తేనెటీగలాగే ఉంటుంది గానీ కుట్టదు. పువ్వు ముందు గాలిలో కదలకుండా నిలబడుతుంది. దీని పిల్లపురుగులు మొక్కలకు పట్టిన పేనుబంకను తిని బతుకుతాయి. ఇంత మంచి ఈగకు తెలుగులో పేరు లేకపోవడం అన్యాయమని, తిరుపతి కాలేజీలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పిన దేవనాథన్‌గారు తానే ‘నిలుపుటీగ’ అని పేరు పెట్టుకున్నారు. రకాలు గుర్తుపట్టాలంటే పట్టి, చంపి, సూదికి గుచ్చి చూడడం చదువుకున్నవాళ్ల పద్ధతి. రోజూ తిరునామం పెట్టుకునే మనిషి, ఆయన వల్ల అది కాలేదు. కాబట్టి సైజు చూడాలి, రంగు చూడాలి, అక్కడితో సరి. జీలకర్రంతవి, వడ్లగింజంతవి, గుమ్మడిగింజంతవి. ఆపైన పొట్ట మీది పట్టీల రంగు.

ఈ చూపులన్నీ చంద్రగిరి పక్కన గోవిందయ్య చామంతి తోటలో సాగేవి. గట్టు మీద ఒక రాయి ఉంది. దాని మీద కూర్చుని ఆయన సైజూ రంగూ చెబుతుంటే, పక్కన గొడుగు పట్టుకుని పంకజవల్లి నోటుబుక్కులో రాసేది. తిరిగి వచ్చేటప్పుడు గోవిందయ్య దేవుడికని ఒక పొట్లం చామంతులు ఇచ్చేవాడు. ఆ తోటలో వడ్లగింజంతవి రెండే రకాలు, పసుపు పట్టీలవి, తెల్ల పట్టీలవి. మూడేళ్ల కిందట తెల్లవి కనబడటం మానేశాయి.

ఆయన ఒక పంట కాలం చూశారు. తర్వాత గోవిందయ్య కొట్టే పురుగుమందే వాటిని మింగేసిందని తేల్చుకున్నారు. పూలు కోసే కూలీల ఎదుట, అంత పెద్దమనిషిని పట్టుకుని, “నీ చేతులారా చంపినావు గోవిందయ్యా” అనేశారు. ఎప్పుడో ఒకసారి తప్ప మందు కొట్టలేదని గోవిందయ్య చెబుతున్నా వినలేదు. రెండేళ్లుగా ఆ గట్టు ఎక్కలేదు. చామంతి పొట్లమూ రాలేదు. పట్టిన పట్టు విడవకపోవడంలో దేవనాథన్‌గారిని మించినవాళ్లు తిరుపతిలో లేరు.

ఇప్పుడు పంకజవల్లి తులసి వైపు తొంగి చూసి, మెల్లగా అంది.

“అది యాడికి పోయింది, తిరిగి రావడానికి?”

ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే నీరు కారుతున్న కుడికంటిని కండువాతో అదుముకున్నారు. ఆపరేషన్ కాని ఎడమకంటికి ఆ ఈగే పచ్చటి పసుపు పట్టీలతో కనబడింది. కండువా తీసి ఎడమకన్ను మూశారు. తెలుపు. మళ్లీ కుడికన్ను మూశారు. పసుపు. చంటిపిల్లలు ఆడుకున్నట్లు అయిదారుసార్లు మూసి తెరిచి, అలాగే పిట్టగోడ పక్కన చతికిలబడ్డారు. ఈగ ఎక్కడికీ పోలేదు. ముదిరిన శుక్లమే తెల్లవాటన్నిటికీ పసుపు పూసింది.

నోటుబుక్కులో తప్పు దిద్దుకోవచ్చు. గోవిందయ్యను తలుచుకుంటేనే ఆయనకు తల కొట్టేసినట్లయింది. ఏ మొహం పెట్టుకుని ఆ గట్టెక్కాలి?

పంకజవల్లి కిందికి వెళ్లి పాత నోటుబుక్కులు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ‘వడ్లగింజంత, పసుపు’ అని రాసి ఉన్న చాలా వరుసల పక్కన ముగ్గు చుక్కలాగా ఒక చిన్న చుక్క ఉంది. ఆయన ఆ చుక్కలను ఇన్నేళ్లలో చూడనే లేదు. చూసే కన్ను ఉంటే కదా.

తెల్లవి కనబడకుండా పోయిన కొత్తలో ఒకసారి ‘అది తెలుపు కదండీ’ అని ఆవిడ అంటే, ‘ఇది వంటిల్లు కాదు, సైన్సు’ అని ఆయన నోరు మూయించారు. ఆ మాట ఆయన మరిచిపోయారు. ఆవిడ మరిచిపోలేదు.

“మీరు చెప్పింది చెప్పినట్టే రాసినాను” అంది పంకజవల్లి. “నాకు తెల్లగా కనబడినప్పుడు పక్కన చుక్క పెట్టినాను. ఎవరి కన్ను సరైందో నాకు మాత్రం ఏం తెలుసు? కానీ ఆ పొద్దు గోవిందయ్యను మీరు అంటావుంటే, నలుగురిలో మిమ్మల్ని చిన్నబుచ్చలేక ఊరుకుండిపోయినాను. ఆ తప్పు నాది.”

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ మీద ఆయనకు అంత ప్రేమా, ఆవిడ ముందు అంత సిగ్గూ ఎప్పుడూ కలగలేదు. లేచి చొక్కా వేసుకున్నారు. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కదలనివ్వనంది ఆవిడ. ఇద్దరూ చంద్రగిరి బస్సెక్కారు.

గోవిందయ్య పూలగంపలకు తడిగోనె కప్పుతున్నాడు. దేవనాథన్‌గారు కూర్చోకుండానే, ఆ పొద్దు ఉన్న కూలీల్లో ఇద్దరు వింటుండగానే, ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. నోటుబుక్కు తెరిచి చుక్కలు కూడా చూపించారు. గోవిందయ్య చేతులు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

“ఇప్పుడు ఒక కన్నే గదా సారూ బాగైంది?”

“ఒకటే.”

“అయితే నా మీద సగం తప్పు ఇంకా ఉండాది. ఆ రెండోది గూడా బాగుసేయించుకోండి, ముందు.”

కూలీలు నవ్వారు. గోవిందయ్య నవ్వలేదు. అతను గట్టు వైపు చూస్తూ, “రెండేండ్లు సారూ” అన్నాడు. “మీరు కూసునే రాయి మీద పూలగంప గూడా పెట్టనీలేదు నేను.”

దేవనాథన్‌గారి చెయ్యి కంటి దగ్గరికి పోయింది. నల్లకళ్లద్దాల కింద తుడుచుకోవద్దని డాక్టరు చెప్పాడని పంకజవల్లి గుర్తు చేయాల్సి వచ్చింది.

కాసేపటికి ఆవిడ అలవాటు చొప్పున నోటుబుక్కు తీసుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. చెయ్యి పట్టుకుని ఆవిడను రాయి మీద కూర్చోబెట్టి, గొడుగు తాను పట్టుకుని, మోకాలి మీద పుస్తకం పరిచి పక్కన గట్టు మీద కూర్చున్నారు.

“నువ్వు చెప్పు. నేను రాస్తాను” అన్నారు.

పంకజవల్లి చామంతుల మీద చాలాసేపు కళ్లు నిలిపింది.

“వడ్లగింజంత” అంది. “తెలుపు.”

ఆయన రెండు మాటలూ రాసి, పక్కన ఒక చుక్క పెట్టారు.