తల తగిలే గుమ్మం

నేను ఒక ఓక్ దూలాన్ని. ఇంగ్లండులో, డెవన్ పల్లెల్లో, ఒక గడ్డికప్పు ఇంటి వీధి గుమ్మం పైన నాలుగు వందల ఏళ్లుగా అడ్డంగా పడి ఉన్నాను. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు నన్ను ఏదో యుద్ధనౌక నుంచి తెచ్చారని చెబుతాడు. నా పూర్వాశ్రమం పందుల కొట్టం. బిగించిన వడ్రంగి పొట్టివాడు. లోకమంతా తన ఎత్తే ఉంటుందనుకున్నాడు. అప్పటినుంచి నా ఉద్యోగం నుదుళ్లకి బొప్పి కట్టించడం. పురాతన కట్టడం కాబట్టి నన్ను అంగుళం చెక్కడానికి కూడా చట్టం ఒప్పదు.

కొనడానికి వచ్చిన దొరలు ఢీకొని, నాకే సారీ చెప్పి, కారెక్కి పోయేవారు. లోపల పొయ్యి వెలిగించేవాళ్లు లేక మట్టిగోడలు చెమ్మగిల్లాయి. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే గోడా నేనూ కలిసే కూలతాం.

అలాంటప్పుడు వచ్చారు తెనాలి డాక్టరు ఫణీంద్ర, ఆయన భార్య మందాకిని. ఆయన తాటిచెట్టు. ఆవిడ ఆయన మోచేతికి వస్తుంది.

"మట్టిగోడలు, గడ్డికప్పు. మనవైపు దీన్ని పూరిల్లంటారు. ఈ ఏజెంటేమో కోటకి చెప్పే ధర చెబుతున్నాడు" అంటూ బూట్లు దూరంగా విడిచి వచ్చి, ఠపీమని నాకు తగిలాడు.

"అడుగు పెట్టగానే అపశకునం. పద, పోదాం."

"తల తగిలాక అలా పోకూడదండీ. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి లేవాలి. మీ అమ్మగారి మాటే."

అమ్మగారి మాట కాబట్టి కూర్చున్నాడు. రెండు మూరల మందం గోడలో కిటికీయే అరుగు. ఆవిడ ఈలోపు వంటగది చూసింది.

"ఏమండీ, పై అరకి చెయ్యి అందుతోంది. స్టూలు లేకుండా. పెళ్లయ్యాక ఇదే మొదలు."

"బయట అంత గాలి వీస్తుంటే లోపల చప్పుడే లేదే" అన్నాడాయన, కాస్త మెత్తబడి. "సరే. వెళ్లేటప్పుడు మళ్లీ తగిలిందో, ఈ ఇంటి ఊసెత్తకు."

నా జన్మలో మొదటిసారి రెండంగుళాలు పైకి జరగాలనిపించింది. ప్రయత్నించాను కూడా. ఓక్ కలప కదలదని అందరూ పొగిడేది ఇందుకే కాబోలు.

మందాకిని ముందుగా బయటికి వెళ్లి, ఆయన బూట్లు తెచ్చి, గడపకి ఆనించి పెట్టింది. ఆయన వంగి, ఒక్కో కాలే బయటపెట్టి తొడుక్కుని, లేసులు కట్టుకుని నిలబడేసరికి ఆరుబయట ఉన్నాడు.

"చూశావా, జాగ్రత్తగా ఉంటే తగలదు."

"అవునండీ" అంటూ ఆవిడ ఏజెంటుని చెయ్యూపి పిలిచింది.

ఆ చలికాలం పొయ్యి వెలిగింది. ఆయన బూట్ల చోటు నేటికీ అదే. పాత ఇళ్లు మనిషికి వినయం నేర్పుతాయని వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి చెబుతాడు. ఆవిడ కాఫీ కలుపుతూ ఊరుకుంటుంది. నేనూ ఊరుకుంటాను.