గట్టెక్కిస్తానన్న మాట

మేము శంషాబాద్‌లో అద్దెకు దిగిన మూడో ఏడు, వానాకాలంలో, మా ఇంటి యజమానురాలు యేసుమణి గారు పెరట్లో బట్టలుతికే చోట షాబాదు బండ మీద జారిపడ్డారు. కుడి చీలమండ విరిగింది. రెండు నెలలు కట్టుతో మంచం మీదే ఉన్నారు. కట్టు విప్పాక దవాఖానలో డాక్టరు ఎముక బాగా అతికిందని, ఇక మెల్లగా నడక పెంచాలని చెప్పి పంపాడు. ఎముక అతికింది గాని ఆ సంగతి ఆమె కాలు నమ్మలేదు. గేటు దాటి తారు రోడ్డు మీద పదడుగులు వేస్తే పోటు మొదలయ్యేది. తిరిగొచ్చి అరుగు మీద కూర్చునేవారు. చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనకు కూడా ఆమె భర్త తోమాసు గారు ఆటోలో తీసుకెళ్లి ఆటోలోనే తీసుకొచ్చారు.

కింద వాళ్లు, పైన మేము. మా వారు నరసింహమూర్తి గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆయన పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రం దాకా నాకు మాట తోడు యేసుమణి గారే. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. నా పూర్తి పేరు చాముండేశ్వరి అని తెలిసినా, అంత పేరు పిలిచేలోగా కూర మాడిపోతుందని చాముండమ్మా అనేవారు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాలు ఇంకా మొదలుకాక మునుపు, వాళ్ల పాస్టరు ప్రేమ్ రాజ్ గారు ఇంటికి వచ్చారు. నేను మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఏటా ఈస్టరు రోజు తెల్లవారేసరికి సంఘమంతా గట్టు మీద ఉంటుందని, సూర్యుడు కనబడగానే మొదటి పాట ఎత్తుకునేది యేసుమణి గారేనని అప్పటికే విన్నాను. ఇరవై ఏడేళ్లుగా ఆ పాట ఆమెదే. గట్టు ఎక్కడని నేనెప్పుడూ అడగలేదు. చెరువు గట్టేననుకున్నాను. మా వైపు గట్టంటే అదే, నీటి పక్కన పోసిన మట్టి కట్ట.

పాస్టరు గారు మంచి మనసుతోనే వచ్చారు. ఈసారి యేసుమణి గారు శ్రమపడనక్కర లేదని, గట్టు కింద ఒక కుర్చీ వేయించి మైకు పెట్టిస్తామని, అక్కడ కూర్చునే పాట ఎత్తుకోవచ్చని చెప్పారు. తోమాసు గారు తలూపారు. యేసుమణి గారు ఒళ్లో చీర చెంగును మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం చేస్తున్నారు. పాస్టరు గారు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నా వైపు తిరిగి మెల్లగా అన్నారు.

"ఒక్కపారి కుర్చీల కూసున్ననంటే ఇగ లేవనియ్యరు, చాముండమ్మా."

ఆ గొంతు విని ఊరుకోలేకపోయాను. "దిగులు పడకండి. మిమ్మల్ని గట్టెక్కించే పూచీ నాది" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూశారు. పాస్టరు గారు రాగానే, "ఇన్నరా అయ్యగారూ, చాముండమ్మ నన్ను గట్టెక్కిస్తనన్నది. నాకు కుర్చీ వద్దు" అన్నారు. పాస్టరు గారు నా భారీ శరీరాన్ని ఎగాదిగా చూసి నవ్వారు. ఆమె చెప్పిన తీరుకు నవ్వారనుకున్నాను.

నేను ఉత్తినే అనలేదు. మాది బాపట్ల వైపు, సముద్రం హోరు ఇంట్లోకి వినబడే ఊరు. కాలు బెణికినా, కట్టు విప్పినా మా నాయనమ్మ చెప్పే వైద్యం ఒకటే. ముందు అలలు తడిపి వెళ్లిన ఇసుకలో చెప్పుల్లేకుండా నడిపించేది. అక్కడ నేల గట్టిగా ఉంటుంది, అయినా పాదానికి మెత్తగా తగులుతుంది, ఎత్తుపల్లాలు ఉండవు. పసిపిల్లలైనా నడవొచ్చు. అది నొప్పి లేకుండా సాగితే పైన పొడి ఇసుకలోకి మార్చేది. అక్కడ ప్రతి అడుగూ దిగబడుతుంది, వేళ్లు, మడమ, పిక్క అన్నీ పని చేయాలి. అదీ అలవాటయ్యాకే సరుగుడు తోటల ముందున్న ఇసుక దిబ్బలు. దిబ్బలెక్కి దిగిన కాలు ఇక ఎక్కడికైనా పోతుందనేది నాయనమ్మ.

శంషాబాద్‌లో సముద్రం లేదు. ఊరి బయట వాగు ఉంది. ఫిబ్రవరిలో సన్నటి నీటి పాయ, దానికి అటూ ఇటూ నాలుగు గజాల తడి ఇసుక. తోమాసు గారు పొలానికి వెళ్తూ లూనా మీద భార్యను అక్కడ దింపేవారు. నేను వెనకాల నడిచి వెళ్లేదాన్ని. ఉన్న కాలు కూడా విరగ్గొట్టుకుంటారని ఆయన మొదటి రోజే సణిగారు. రెండో రోజు ఒక కర్ర నున్నగా చెక్కి తెచ్చారు.

మొదట్లో నా భుజం పట్టుకుని ఇరవై అడుగులు. తడి ఇసుక మీద పడిన ఆమె అడుగులు వెనక్కి తిరిగి చూసేవాళ్లం. ఎడమ పాదం నిండుగా పడేది, కుడిది మడమ లేకుండా వేళ్లు మాత్రమే. వారానికి మడమ కూడా కొంచెం అచ్చు పడింది. ఆ రోజు ఆమె ఆ అచ్చు పక్కన వంగి, చంటిపిల్ల పాదాన్ని చూసినట్టు చూశారు.

నడుస్తూ సముద్రం గురించి అడిగేవారు. ఆమె ఎప్పుడూ చూడలేదు. నీళ్లు మీదికొస్తే ఎట్లా అన్నారొకసారి. వచ్చి మళ్లీ పోతాయని చెప్పాను. తమ వాగుకు పోవడమే తెలుసు, రావడం తెలీదని నవ్వారు. ఎనిమిదేళ్లుగా నేనూ సముద్రం చూడలేదని అప్పుడే లెక్క తట్టింది.

మార్చి నెల వచ్చేసరికి పాయ ఇంకా సన్నబడింది. తడి ఇసుక రోజురోజుకు తగ్గి, మేము అనుకోకుండానే పొడి ఇసుకలోకి జరిగాం. అక్కడ ఆమె రెండుసార్లు చతికిలబడ్డారు. ఇసుక కదా, దెబ్బ తగల్లేదు. మూడోసారి తనే లేచారు.

ఒక పొద్దున వాగు మలుపు దాకా వెళ్లాం. అంత దూరం వెళ్లడం అదే మొదలు. మలుపు తిరగగానే ఎదురుగా పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న కొండ కనబడింది. దాని కొసన తెల్లగా ఏదో ఉంది.

"గదే మా గట్టు. గా తెల్లగ కనబడేది సిలువ" అన్నారు.

"గట్టా? అది కొండ కదండీ."

"కొండంటే తిరుపతిల ఉంటది. మాకిది గట్టే."

పాస్టరు గారు ఎందుకు నవ్వారో అప్పుడర్థమైంది. ఆమె హుషారుగా ఏ బండ దగ్గర ఎటు తిరగాలో కర్రతో చూపిస్తున్నారు. నేను ఊఁ కొడుతూ ఇంటికి వచ్చాను. నేనెన్నడూ చిన్న గుట్ట కూడా ఎక్కలేదు. నా మాట నమ్మి ఆమె ఊరందరి ముందూ కుర్చీ వద్దన్నారు.

మర్నాడు వాగు ఒడ్డున కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. మా వైపు గట్టంటే కాలవ గట్టో చెరువు గట్టో అని, గట్టెక్కించడమంటే కష్టంలోంచి బయట పడేయడమని, ఆ అర్థంలోనే అన్నానని, కొండ సంగతి నాకు తెలియదని చెప్పాను. కుర్చీ ఉండనివ్వమని పాస్టరు గారికి నేనే చెబుతానన్నాను.

చాలాసేపు ఆమె పాదాలకు అంటిన ఇసుక దులుపుకున్నారు. కోపం వచ్చిందనుకున్నాను.

"నువ్వు తెల్వక అన్నవు. నేను దెలిసే నమ్మిన" అన్నారు చివరికి. "నీ మాట తప్పైతే నా కాలేం జేసిందమ్మా? నెల కింద గేటు దాటి పదడుగులేస్తె పోటు వుట్టేది. గీ దిబ్బలన్నవు గద, గవి ఏడున్నయో సూపెట్టు, లే."

ట్రాక్టర్లకు ఇసుక ఎత్తినచోట ఒడ్డు పక్కన మనిషెత్తు దిబ్బలు మిగిలాయి. వాటిని నిట్టనిలువునా ఎక్కితే జారిపోతాం, ఏటవాలుగా ఎక్కాలి. నాయనమ్మ చెప్పినట్టే దిగేటప్పుడు ముందు మడమ నాటించాను. రోజుకు నాలుగుసార్లు, తరవాత పది. నేనూ ఆమెతోపాటే ఎక్కాను, దిగాను. మా వారు నా జాకెట్లు వదులయ్యాయని గమనించి ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగారు.

ఏప్రిల్ ఏడు ఈస్టరు. మసక వెలుతురులో గట్టు కింద చేరేసరికి అక్కడ కుర్చీ ఉండనే ఉంది. ఉంటే తప్పేముందని పాస్టరు గారు వేయించారట. యేసుమణి గారు దాని దగ్గరికి వెళ్లారు. కూర్చుంటారేమోననుకున్నాను. ఆమె చెప్పులు విప్పి, రెండూ జతగా కుర్చీలో పెట్టి, కర్ర తీసుకుని నడిచారు.

మొదటి సగం మట్టి దారి. ఏటవాలుగా, ఆగి ఆగి, ముందు వెళ్లేవాళ్లను వెళ్లనిస్తూ ఎక్కాం. ఆ పైన నున్నటి బండ మొదలైంది. అందరూ దాని మీద అలవాటుగా నడిచి పోయారు. యేసుమణి గారు కూడా కర్ర ఆనించి పదడుగులు వేశారు. నేను బండ మీద కాలుపెట్టి ఒకసారి కిందికి చూశాను. ఇసుకైతే దిగబడి పట్టుకుంటుంది. బండకు పట్టు లేదు. రెండు చేతులూ ఆనించి కూలబడ్డాను. మీరు వెళ్లండన్నాను.

పైన సంఘమంతా సిలువ చుట్టూ చేరింది. తూర్పు ఎర్రబడింది. వాళ్లందరూ ఇటే చూస్తున్నారు. ఆమె ఇంకో ముప్పై అడుగులు వేస్తే చాలు. ఆమె పైకి చూశారు, నన్ను చూశారు. ముందు మడమ నాటిస్తూ ఒక్కో అడుగే కిందికి దిగి వచ్చి కర్ర చివర నా చేతికిచ్చారు.

"బండను జూడకు. తడి ఇసుక అనుకో. మొదలు మడిమ వెట్టు."

లేచాను. అప్పుడే సూర్యుడి అంచు కనబడింది. పైన ఎవరూ పాట ఎత్తుకోలేదు. మైకు గట్టు కింద, కుర్చీ పక్కనే ఉండిపోయింది. యేసుమణి గారు ఆ బండ మధ్యలోనే నిలబడి, ఒక చేత్తో కర్ర పట్టుకుని, పాట ఎత్తుకున్నారు. ఆయాసంతో మొదటి మాట తెగింది, రెండోది నిలబడింది. పైనున్నవాళ్లు అందుకున్నారు. ఆ పాటలోనే మేమిద్దరం ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లాం. మూడో చరణానికి సిలువ దగ్గర ఉన్నాం. తోమాసు గారు ఎదురొచ్చి నీళ్ల సీసా ఇచ్చారు. పాస్టరు గారు నన్ను చూసి, ఎవరు ఎవరిని గట్టెక్కించారో లెక్క తేలలేదన్నారు. ఈసారి నేనూ నవ్వాను.

దిగి వచ్చేసరికి కుర్చీలో శివమ్మ కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో మూడేళ్లుగా గట్టు మొహం చూడలేదు. యేసుమణి గారి చెప్పులు ఒళ్లో పెట్టుకుని కాపలా కాస్తోంది. పాట అంతా కింద దాకా వినబడిందని చెప్పింది. చెప్పులు ఇవ్వకుండా, మళ్లీ వాగుకు ఎప్పుడు పోతారని అడిగింది.

యేసుమణి గారు రేపు పొద్దున అన్నారు. మొదట తడి ఇసుకలో నడిపించాలి కదా, వాగులో ఇప్పుడు తడెక్కడిదని నేను సందేహపడ్డాను.

"రెండు బిందెలు వట్టుకపోదం" అన్నారామె, చెప్పుల కోసం చేయి చాపుతూ.