కిత్తలి గుంట మీద రాయి

రాయి మళ్ళీ జరిగి ఉంది.

హెర్లిందా గీకుడు కత్తి కింద పెట్టి, కిత్తలి మొవ్వులో తొలిచిన గుంటలోకి వంగి చూసింది. రాత్రంతా ఊరుతూ, తెల్లారేసరికి గుంట అంచుదాకా నిండాల్సిన తీపినీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. నక్కో, ఎలుకో తాగితే బొచ్చు తేలుతుంది, మట్టి పడుతుంది. ఇక్కడ అదేమీ లేదు. మూతపెట్టిన రాయి మాత్రం, ఎత్తడానికి బలం చాలనివాళ్ళు నెట్టినట్టుగా, పక్కకి ఈడ్చి ఉంది. ఇంత తోటలో ఎప్పుడూ ఈ ఒక్క కిత్తలికే ఇలా జరుగుతుంది.

పొడుగాటి సొరబుర్రతో నీళ్ళు పీల్చి కడవలోకి వదిలింది. గుంట గోడలు గీకి, రాయి కప్పింది. పొద్దునా సాయంత్రం ఇదే పని, కాపురానికొచ్చిన నాటి నుంచీ. మధ్యలో రొట్టెలు, బట్టలు, నార తీయడం. నడుస్తున్నా చేతిలో కదురు తిరుగుతూనే ఉండాలి. ఆ నీళ్ళు పులిసి కల్లు అయ్యాక మాత్రం అది ఆమె మొగుడు ఫిదెన్సియో కల్లు. "నీ కల్లులాంటిది ఈ లోయలోనే లేదయ్యా" అని తాగినవాళ్ళంటే మీసం దువ్వుకుంటాడు. ఇంటికొచ్చి ఆమె వండింది నోట్లో పెట్టుకోగానే, "రుచీ పచీ లేదు. మట్టి తిన్నట్టుంది" అంటాడు. ఏడాదికి ఒక్క రోజే ఆ మాట అనడు. ఆ రోజంటేనే ఆమెకి భయం.

ఎల్లుండే ఆ రోజు.

ఫిదెన్సియో ఒకప్పుడు రాజధానిలో మేస్త్రీల కింద పనిచేసి వచ్చాడు. వస్తూనే చెప్పాడు: "పిల్లతో మన మాట మాట్లాడావంటే పళ్ళు రాలగొడతా. అక్కడ నేను నోరు తెరిస్తే కోతిని చూసినట్టు చూశారు. నా కూతురికి ఆ గతి పట్టకూడదు." ఆనాటి నుంచీ ఇంట్లో స్పానిషే. అతని తల్లి పేత్రాకి ఆ భాష సగమే వచ్చు, అందుకని కొడుకు ముందు ఆమె కూడా నోరు కట్టేసుకుంది. హెర్లిందాకి స్పానిష్‌లో కసరడం వచ్చేది కానీ ముద్దుచేయడం వచ్చేది కాదు. అందుకే తెల్లవారుజామున పిల్లని నారగుడ్డలో వీపున కట్టుకుని ఇక్కడికి తెచ్చేది. ఈ కిత్తలి దగ్గర దింపి, తమ హ్ఞాహ్ఞు భాషలో "దోనీ" అని పిలిచేది. పువ్వూ అని. మొదటి గుక్క తీపినీళ్ళు దానివే. ఇంట్లో తండ్రి జ్ఞానస్నానం పేరుతో "ఎలోయిసా" అని ఎంత పిలిచినా అది తల తిప్పేది కాదు. "చెవుడేమో చూపించవే" అని విసుక్కునేవాడు. నాలుగో ఏడు నిండకముందే జ్వరం దాన్ని తీసుకుపోయింది.

అక్టోబరు ఆఖరి రోజు మధ్యాహ్నం గుడిగంట కొట్టగానే పోయిన పసివాళ్ళు ఇళ్ళకొస్తారు. ఇంటి మగవాడు గుమ్మంలో ధూపం పట్టుకుని పేరు పిలుస్తాడు. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళ కోసం పెట్టింది వాళ్ళు తిని వెళ్ళాక, మిగిలినదాంట్లో రుచి ఉండదు. పక్కింటివాళ్ళ గుమ్మడికాయ ముక్కలు ఏటా పిప్పిలా మిగులుతాయి. హెర్లిందా బెల్లప్పాకంలో ఉడికించిన ముక్క మాత్రం పేత్రా నోట్లో వేసుకుని, "తియ్యగానే ఉంది. పిల్ల రాలేదు" అంటుంది. ఫిదెన్సియో వేళ్ళు నాకుతూ, "ఈ ఒక్కటీ బాగా చేస్తావే" అంటాడు.

అతను బయటికెళ్ళాక అత్త తమ మాటలో అందుకుంటుంది. "నీ ఏడుపుకి దారంతా బురదయిందే. పసిది ఎలా నడుస్తుంది? ఏడవకే ఏడవకే అని మొత్తుకున్నాను, విన్నావా?"

ఆ మాట మొదటిసారి విన్నప్పటినుంచి హెర్లిందా ఏడవలేదు. ఉల్లిపాయ తరిగినా మొహం పక్కకి తిప్పుకునేది.

ఇప్పుడు కడవ వీపుకెత్తుకుని వెనుదిరిగింది. రాజధాని మురుగు మోసుకొచ్చే కాలువ మీంచి తెల్లని నురగ తునకలు గాలికి లేచి కిత్తళ్ళ ముళ్ళకి చిక్కుకుంటున్నాయి. గాలి ఆగింది. వెనక రాయి మీద రాయి ఒరుసుకున్న చప్పుడు. ఆ తర్వాత చిన్న నోరేదో ఆబగా నీళ్ళు పీల్చిన చప్పుడు.

ఆమె తిరిగి చూడలేదు. చూస్తే బెదిరిపోతుందేమో. బిడ్డ దారి తప్పలేదు. తనని పిలిచిన చోటే నిలబడి ఉంది, ఇన్నేళ్ళుగా. ఇంట్లో ఎవరో ఎలోయిసాని పిలుస్తుంటే, తనని కాదనుకుంది.

మర్నాడు, వచ్చే పసివాళ్ళకి దారి తెలియడానికి గుమ్మం నుంచి వీధిదాకా పరవాల్సిన బంతిపూల రేకుల్ని హెర్లిందా పెరటివైపు తిప్పి, కిత్తలి తోటదాకా చల్లుకుంటూ పోయింది.

"పూలన్నీ పొలంలో పోస్తున్నావేంటే? పిచ్చిగానీ పట్టిందా?" అని పేత్రా కేకేసింది.

గంట మోగింది. ఫిదెన్సియో వీధి గుమ్మంలో ధూపం ఎత్తి, "ఎలోయిసా, రా తల్లీ" అన్నాడు స్పానిష్‌లో. హెర్లిందా అతని చేతిలోంచి ధూపపు మూకుడు తీసుకుని పెరటి గుమ్మంవైపు నడిచింది.

"ఆడది పిలవడమేంటే? ఊరు నవ్వదూ?" అన్నాడతను.

"నవ్వనీ." తోటవైపు తిరిగి, ఇన్నేళ్ళూ అతని ముందు పలకని తమ మాటలో గొంతెత్తింది. "దోనీ! రావే నా తల్లీ! ఆకలేస్తోందిటే? ఇదేనే మనిల్లు, రావే!"

బయటికి పోతున్న పొగ ఆగి, వెనక్కి తిరిగి, ఆమె మోకాళ్ళ పక్కనుంచి లోపలికి దూరింది. కుక్క గోడవారకి ఒదిగిపోయింది. పేత్రా చేతిలో కదురు నిలిచింది. "ఏం కూశావే?" అన్నాడు ఫిదెన్సియో. గొంతు మాత్రం లేవలేదు.

మర్నాడు గంట కొట్టి పసివాళ్ళు వెళ్ళిపోయాక ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. ఎప్పటిలాగే ఫిదెన్సియో అందరికన్నా ముందు పెద్ద గుమ్మడి ముక్క, పాకం కారుతున్నది, తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మొహం చిట్లించాడు.

"రుచీ పచీ లేదు. మట్టి తిన్నట్టుం..."

చెయ్యి అలాగే ఆగిపోయింది.

పేత్రా ఒక ముక్క తీసుకుని చాలాసేపు నమిలింది. తర్వాత, కొడుకు ఎదురుగా ఉండగానే, తమ మాటలో అడిగింది.

"ఏమని పిలిచావే దాన్ని?"

"దోని" అంది హెర్లిందా. అని, వాళ్ళిద్దరి ముందే, ఇన్నేళ్ళకి వెక్కి వెక్కి ఏడ్చింది. దారి తడిస్తే తడవనీ. దానికి ఇల్లు తెలిసింది.