ఎత్తు తగ్గించిన బండి

అంట్లు తోముతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, "చేతులు కడుక్కుని బయటికి రా పొట్టీ, నీకో సంగతి చూపిస్తా" అన్నాడు. వాకిట్లో నా బండి ఉంది. ఎక్కడో తేడా కొట్టింది గానీ ఏమిటో వెంటనే అంతుపట్టలేదు. వెనక భాగం కూలబడినట్టుంది.

"వెనక సస్పెన్షన్ కిందికి దింపించాను. ఇక రెండు కాళ్ళూ నేలకి శుభ్రంగా ఆనతాయి. ఎక్కి చూడు."

ఎక్కాను. ఆనాయి. అత్తయ్య కిటికీలోంచి చూసి, "హమ్మయ్య, ఇప్పుడు కాస్త మనిషిలా కూర్చున్నావు" అంది. నన్నొక మాట అడగాల్సింది కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్ళాం కోసం ఇంత చేశానని మొహం వెలిగిపోతున్న మనిషితో ఆ మాట ఎలా అనడం? నవ్వి, లోపలికెళ్ళి మిగిలిన గిన్నెలు తోముకున్నాను.

దూరప్రయాణాలకి చేసిన మోటార్‌సైకిల్ అది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం నాది. నా జీతంతో నేను కొనుక్కున్నాను. రోజంతా రోగుల్ని బల్ల మీదికి ఎక్కించి, "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని చెప్పి చెప్పి ఇంటికొస్తే, ఇక వదలమని నాకు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. సెలవు రోజు కొండదారిలో ఒక్కదాన్నే పోయి వస్తే ప్రాణం తెరిపిన పడేది. పొట్టిదాన్నే, కాదనను. ఆగినప్పుడల్లా సీటు మీద కాస్త పక్కకి జరిగి ఎడమకాలు ఆనించేదాన్ని. ఏళ్ళ తరబడి అలాగే నడిపాను. భయమంతా చూసేవాళ్ళదే.

మర్నాటి నుంచి బండి నా మాట వినడం మానేసింది. స్పీడ్‌బ్రేకర్ ఎక్కితే పొట్ట గీసుకునేది. గుంటలో పడితే దెబ్బ తిన్నగా నా నడుముకే. పక్క స్టాండు మాత్రం పాత పొడవే కదా, బండి దానిమీద ఒరగకుండా నిటారుగా నిలబడేది. ఆస్పత్రి ముందు ఎవరి మోచెయ్యో తగిలి అవతలి పక్కకి దభీమని పడింది. సెక్యూరిటీ అతనూ నేనూ కలిసి లేపాం. ఇంట్లో చెబితే, "కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుందిలే" అన్నాడు మా ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా. నాకే చేతకావడం లేదేమోనని వారమంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం మా ఆడపడుచుని వెనక కూర్చోబెట్టుకుని కొండదారి పట్టాను. ఎడమ వంపులో బండి తిప్పితే తిరగలేదు. వెనక దిగి, ముందు అలాగే ఎత్తుగా ఉండిపోవడంతో ముందు చక్రం బద్ధకంగా రోడ్డు మధ్యకి పోతోంది. ఇంకాస్త ఒరిగించాను. కాలు పెట్టుకునే పెగ్గు రోడ్డుకి రాసుకుని కర్రుమంది. ఎదురుగా లారీ. ఆ డ్రైవరు పక్కకి తిప్పబట్టి బతికాం.

బండి రోడ్డు పక్కన ఆపి దిగాం.

"వదినా, నీ తప్పేం లేదు. నేను చూస్తూనే ఉన్నా, అదే తిరగలేదు" అంది ఆడపడుచు. అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పాం. మా ఆయన అరిగిన పెగ్గు వేలితో తడిమి చూశాడు. "కాళ్ళు అందేలా చేసినా నడపలేకపోతే ఇక నేనేం చెయ్యను? అమ్మేద్దాం. మా ఆఫీసులో ఒకతను అడుగుతున్నాడు."

"అన్నయ్యా, దించినప్పటి నుంచే బండి..."

"నువ్వూరుకో, నీకేం తెలుసు?"

"పోనీలే, గండం గడిచింది" అంది అత్తయ్య. "కూర పొయ్యి మీద పెట్టమ్మా, పొద్దుపోతోంది."

పెట్టాను. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. కూర కలుపుతుంటే ఒకటే తోచింది. ఆగి ఉన్నప్పుడు నేనెలా కనబడతానో వీళ్ళందరూ చూశారు. కదిలేటప్పుడు నాకేం కావాలో ఒక్కరూ ఆలోచించలేదు. మంచిమనసుతోనే చేశాడు, నిజమే. ఆ మంచిమనసు వల్లే కదా మేమిద్దరం లారీ చక్రాల దాకా పోయి వచ్చాం.

మర్నాడు సెలవు పెట్టి, బండి దింపిన మెకానిక్ దగ్గరికే వెళ్ళాను. ముందున్న ఎత్తుకే మార్చమన్నాను.

"వెనక సస్పెన్షన్ నుంచి తీసిన పాత లింకులు ఉన్నాయి మేడమ్. కానీ దింపమన్నది సారు కదా, ఆయన్నొకసారి అడిగి..."

"దింపేటప్పుడు నన్నడిగావా?"

అతను తల గోక్కుని లోపలికెళ్ళి లింకులు వెతికి తెచ్చాడు.

పని పూర్తయ్యేసరికి ఫోన్ మోగింది. "ఎక్కడున్నావు? మా ఆఫీసతను సాయంత్రం బండి చూడ్డానికి వస్తాడు."

"అమ్మడం లేదని చెప్పండి. పాత ఎత్తుకి మార్పించేశాను."

"మళ్ళీ పడితే?"

"పడితే లేపుకుంటాను."

"మరి వంట?"

"నేను వచ్చేసరికి ఆలస్యమవుతుంది" అని ఫోన్ బ్యాగులో పడేసి హెల్మెట్ పెట్టుకున్నాను. కొండదారిలో ఆ ఎడమ వంపు వచ్చింది. లోపల దడగానే ఉంది. తల తిప్పి వంపు చివరికి చూశాను. నేను చూసిన వైపుకే బండి తిరిగింది.