కడిగిన డబ్బా

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాను. గుప్పిట్లో ఇమిడిపోతాను, ఎర్ర మూత ఉంటుంది. మూత్రం పట్టి పరీక్షకు పంపడానికే నన్ను పుట్టించారు. నలుగురిలో చెప్పుకునే బతుకు కాదు, అయినా మనుషుల ప్రాణాలకు పనికొచ్చే బతుకే అనుకున్నాను.

అచ్చులోంచి తీసి, నా లోపల ఒక్క క్రిమి కూడా మిగలకుండా చేసి, కవర్లో పెట్టి అంటించేశారు. అంత శుభ్రంగా ఉన్నానని కవరు మీద రాశారు కూడా. ఇంగ్లీషులో రాశారు.

కొండ దిగువన ఒక చిన్న ఆసుపత్రిలో నన్ను సుగుణ చేతిలో పెట్టారు. ఆరో నెల. నిరుడు ఒక కడుపు పోయింది. ఇప్పుడు చలిజ్వరం, నడుం నొప్పి, మాత్రలు మింగినా తగ్గడం లేదు.

"ఏ క్రిమో తెలిస్తేనమ్మా, దానికి పనిచేసే మందు ఇచ్చేది. మొన్న పంపింది పాడైందని వచ్చింది," అన్నాడు డాక్టరు. వెనక వరండా దాకా జనం. "మొదట కొంచెం వదిలేసి, మధ్యలోది పట్టమ్మా," అని నర్సు ఇంకొకరిని పిలిచేసింది.

సుగుణ అత్త అప్పలనరసమ్మ. బయట నుంచి వచ్చిన గిన్నె ఏదైనా కడగందే ఇంట్లో పెట్టనివ్వదు. ఇంటికి రాగానే నా కవరు పరపరా చించేసింది.

"కవరు బాగానే ఉంది కదత్తా."

"నీకేటి తెలుసే? ఎవులెవులు ముట్టుకున్నారో! మొన్న నువ్వు ఒట్టి నీళ్లతో తొలిచేసావు. అందుకే పాడైపోనాది."

పెరట్లో నాచు పట్టిన డ్రమ్ములోంచి నీళ్లు ముంచి, కొబ్బరి పీచుతో నా లోపలంతా తోమింది. చీర కొంగుతో తుడిచింది. గోడ మీద బోర్లించింది. చంటిబిడ్డకు నీళ్లు పోసినట్టే పోసింది. అంత ప్రేమగా నన్నెవరూ ముట్టుకోలేదు. ఆ ప్రేమతోనే నా లోపల లేని క్రిములన్నీ చేరాయి.

పాపం, సుగుణ మాత్రం నర్సు చెప్పినట్టే పట్టింది. ఏం లాభం?

నన్ను పట్నం ఆసుపత్రి ల్యాబుకు పంపారు. ల్యాబు అబ్బాయి నాలోంచి ఒక చుక్క తీసి, క్రిములను పెంచే పళ్లెంలో పూశాడు. మర్నాటికి అందులో రకరకాల క్రిములు మొలిచాయి. "ఇందులో జబ్బు క్రిమి ఏదో, బయట నుంచి ఎక్కింది ఏదో ఎవడు చెప్తాడు?" అని విసుక్కుని, లోపలిది పారబోసి, నన్ను కిటికీ కింద చెత్త సంచిలో పడేశాడు.

అక్కడ పడి ఉండగానే కిటికీ దగ్గర తెలిసిన గొంతు వినిపించింది.

"బాబూ, మా సుగుణ కాయితం వచ్చిందా? రేత్రి ఒళ్లు కాలిపోతే ఇక్కడికే తెచ్చీసాం. బిడ్డ సరిగ్గా కదలట్లేదంతంది బాబూ."

"పాడైందమ్మా. మళ్లీ పట్టి ఇవ్వాలి." కొత్త డబ్బా ముందుకు తోశాడు. "ఈసారైనా జాగ్రత్త." ఆమె వెనక ఇంకో పది చేతులు కిటికీలోకి చాచి ఉన్నాయి.

అప్పలనరసమ్మ పక్కకు తప్పుకుంది. డబ్బాను కళ్లకద్దుకుంది. "నాదే తప్పు తల్లీ, సరిగ్గా తోమలేదు. ఈపాలి సబ్బెట్టి తోముతాను," అని తనలో తాను గొణుక్కుంది.

వద్దమ్మా, కడగొద్దు, కవరు విప్పొద్దు, అలాగే పట్టుకెళ్లు అని అరిచాను. చెత్త సంచిలో ఖాళీ డబ్బా అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

కవరు చిరిగిన చప్పుడైంది. తర్వాత, కొళాయి తిప్పిన చప్పుడు.