అక్క డ్రైవరు సీటు

అక్క జీవితమంతా పక్క సీట్లోనే గడిచిపోయింది. కారు నేర్పేవాళ్ళ బతుకే అంత. స్టీరింగు ఎవరో పట్టుకుంటారు, గేర్లు ఎవరో మారుస్తారు, మన ప్రాణాలు మాత్రం అరచేతిలో ఉంటాయి. ఊళ్ళో సగం మందికి కారు నేర్పింది ఆవిడే. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, తెర మీద కారు మలుపు తిరిగితే చాలు, ఆవిడ కాలు తనంతట తానే బ్రేకు కోసం నేల మీద వెతుక్కునేది.

అలాంటి అక్కకి ఒక కోరిక పుట్టింది. ఎవడి చెయ్యీ పడని, తాను మాత్రమే నడిపే కారొకటి ఉండాలని. అదీ అలాంటిలాంటిది కాదు. ఇంజను వెనకాల, డిక్కీ ముందు, గుడ్డులా గుండ్రంగా ఉండే పాతకాలపు బుల్లి కారు. ఇక్కడ అవి ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి. సరిహద్దు అవతల దేశంలో ఒక ముసలాయన దగ్గర ఒకటి ఉందని తెలిసింది. అంతే, అక్క బయల్దేరింది. వెంట మొగుడు, తమ్ముడు.

తమ్ముణ్ణి అందరూ తంటా అంటారు. అమ్మానాన్న పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది బళ్ళో హాజరు పిలిచేటప్పుడే పనికొచ్చేది, ఆ బడికి కూడా అతను ఎక్కువ కాలం శ్రమ ఇవ్వలేదు. ఇప్పుడు పంచరు షాపు. పంచరు వేయించుకోడానికి వచ్చినవాడు టీ తాగి వచ్చేలోపు సైకిలు సీటు వెనక్కి తిప్పి బిగించి, ఏమీ ఎరగనట్టు గాలి కొడుతూ కూర్చునే రకం.

బావ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కార్ల సీట్లకి కవర్లు కుట్టడం ఆయన పని. పళ్ళ మధ్య ఎప్పుడూ దారం కొస పట్టుకుని ఉండటం వల్ల మాట్లాడే అలవాటు తప్పిపోయిందని తంటా అంటాడు. బావ దానికీ ఏమీ అనడు.

దారి పొడుగునా అక్క ఒకటే పాట. "మళ్ళీ చెప్తున్నా వినండి. ఇంత పాత బండిని, కంపెనీలోంచి ఎలా వచ్చిందో అలాగే పట్టుకొస్తేనే రానిస్తారు. ఏదైనా మార్చామని తెలిసిందా, సరిహద్దు గేటు దగ్గరే వెనక్కి తిప్పేస్తారు. ఒక్క నట్టు కూడా ముట్టుకోవద్దు. ఒరేయ్, నీకే చెప్తున్నా."

"నాకే ఎందుకు చెప్తావు? బావ కూడా ఉన్నాడుగా."

"ఆయన సంగతి నాకు తెలుసు. నీ సంగతి ఊరందరికీ తెలుసు."

ముసలాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన భాష వీళ్ళకి రాదు, వీళ్ళది ఆయనకి రాదు. ఇంక తంటాని పట్టేదెవరు? "తాతా, నీ కారు కంటే నీ టోపీ బాగుంది. అది కూడా ఇచ్చేయరాదూ," అని వేలు పెట్టి చూపిస్తూ నవ్వాడు. ముసలాయన కాసేపు ఆలోచించి, టోపీ తీసి తంటా నెత్తిన పెట్టి, రెండు చేతులతో సర్దాడు కూడా. తంటా వద్దంటాడు, ఆయన ఉంచుకోమంటాడు. అక్క తమ్ముడి చెవి మెలేసి టోపీ వెనక్కి ఇప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కారు చూశాక మాత్రం అక్క టోపీ గొడవంతా మర్చిపోయింది. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు. రెండు గుండ్రటి లైట్లు, అప్పుడే నిద్ర లేచిన పిల్లాడి కళ్ళలా. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు నడిమధ్య చిరిగి, ఒక స్ప్రింగు బయటికొచ్చి ఉంది. అది గుచ్చుకుని "అబ్బా" అంది, ఆ నొప్పిలోనే నవ్వింది. బావ ఆ నవ్వూ చూశాడు, ఆ స్ప్రింగూ చూశాడు.

కాగితాల పని ముగించుకుని సరిహద్దు దగ్గరున్న చిన్న ఊరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. లాడ్జి ముందు అక్క కారు దిగింది, చెయ్యి నడుం మీద వేసుకుని. "ఏం లేదు, కాళ్ళు పట్టేశాయి," అని పైకెళ్ళి పడుకుంది. గేటు రేపు పొద్దున్న దాటాలి. బావ "కాస్త అలా తిరిగొస్తా" అన్నాడు. ఆయన ఒక రోజులో మాట్లాడే మాటల్లో సగం అయిపోయాయి కదా అని తంటా అనుమానించలేదు.

సాయంత్రం టీకి పిలుద్దామని వెతికితే బావ లాడ్జి వెనక పెరట్లో ఉన్నాడు. కారు తలుపు తీసి ఉంది. బావ మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో వంకర సూది, పళ్ళ మధ్య దారం. డ్రైవరు సీటు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. బజారుకెళ్ళి రంగు కలిసే రెగ్జిను, మెత్తటి స్పాంజి తెచ్చి, చివరి కుట్టు కూడా వేసేశాడు మహానుభావుడు.

తంటా నవ్వు ఆపుకోడానికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "బావా, ఏంటిది?"

బావ దారం కొరికి పక్కన పెట్టి, "మీ అక్కకి నడుం నొప్పి," అన్నాడు.

"నట్టు కూడా ముట్టుకోవద్దందిగా."

"నట్టు ముట్టుకోలేదు."

"బావా, ఇది కూడా మార్చడమే."

"ఇది మార్చడమెలా అవుతుంది? ఇంజను మారిస్తే మార్చినట్టు. బాడీ మారిస్తే మార్చినట్టు. సీటు కవరంటే చొక్కా లాంటిది. నువ్వు రోజూ చొక్కా మారుస్తావు, రోజూ వేరే మనిషివి అవుతున్నావా?" బావ ఇంత పొడుగు మాట మాట్లాడి తంటా ఎన్నడూ వినలేదు. పైగా ఆ ముఖంలో ఎంత నమ్మకమంటే, ఆ క్షణాన తంటాకి కూడా అదే న్యాయమనిపించింది. తర్వాత గేటు గుర్తొచ్చింది.

"విప్పెయ్ బావా. ఇప్పుడే విప్పెయ్."

బావ ముఖం వాడిపోయింది. కత్తెర తీశాడు. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. "ఏం చేస్తున్నారిద్దరూ అక్కడ?" అంటూ అక్క వస్తోంది. తంటా భుజం మీది తువ్వాలు తీసి సీటు మీద పరిచాడు. "దుమ్ము పడకుండా, అక్కా."

అక్క వాడి వంక ఎగాదిగా చూసింది. "నువ్వు నా బండికి దుమ్ము పడకుండా చూస్తున్నావా? వానొస్తుందేమో," అంది. ఆ పూటంతా పెరట్లోనే కుర్చీ వేసుకుని కారుని చూస్తూ కూర్చుంది. లాడ్జివాడు భోజనం కూడా అక్కడికే తెచ్చాడు. రాత్రి పడుకోబోతూ కారు తాళాలు కూడా తన తలగడ కిందే పెట్టుకుంది. ఇంక విప్పేదెక్కడ?

పొద్దున్నే బయల్దేరారు. అక్క తువ్వాలు మీద కూర్చుంది, ఒకసారి అటూ ఇటూ కదిలింది. "చూశారా, నిన్న కొత్త కాబట్టి గుచ్చుకుంది. ఇవాళ నా నడుం దానికి, దాని సీటు నాకు అలవాటైపోయాయి. ఎంత హాయిగా ఉందో," అంది. వెనక సీట్లో తంటాకి చెమటలు పట్టాయి. బావ మాత్రం పక్క సీట్లో కిటికీ వైపు తిరిగి, మీసాల చాటున సంతోషం దాచుకుంటున్నాడు. ఒక పక్క గేటు వస్తోంది, ఈయనకి భార్య మెచ్చుకోలే వినపడుతోంది.

గేటు దగ్గర తనిఖీ చేసేది ఒక ఆఫీసరమ్మ. కళ్ళద్దాలు, చేతిలో అట్టకి బిగించిన కాగితం, ముఖంలో నవ్వన్నది లేదు. ఇంజను చూసింది, డిక్కీ చూసింది, లైట్లు తట్టి చూసింది. ప్రతిదానికీ కాగితం మీద ఒక టిక్కు. టిక్కు పడినప్పుడల్లా అక్క ఒక్కో అంగుళం పెరుగుతోంది. చివరికి ఆవిడ తువ్వాలు రెండు వేళ్ళతో ఎత్తింది.

"ఇది?"

అక్క చూసింది. ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నీ పనే కదూ."

తంటా చేసిన పనులకి ఏనాడూ ఒప్పుకోలేదు. ఇవాళ చెయ్యని పనికి ఒప్పుకోవాల్సి వచ్చింది. బావ ముఖం చూశాడు, మాట ఆగలేదు. "అవునక్కా, నేనే. కాదు కాదు, మేడమ్, అసలు ఇది ముందునుంచీ ఉందండి. అమ్మిన తాతగారి భార్య కుట్టిందట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తాతగారు ఏడుస్తూ చెప్పారు."

"ఏ భాషలో చెప్పారు?" అని అడిగింది అక్క.

ఆఫీసరమ్మ వంగి దారాన్ని వాసన చూసింది. "మైనం వాసన ఇంకా పోలేదు. చనిపోయిన ఆవిడ నిన్న కుట్టిందా?"

అక్క కూడా వంగింది. ఆ కుట్టు మీద వేలు పెట్టింది. తన హ్యాండుబ్యాగుకి, తన డ్రైవింగు స్కూలు కార్లన్నిటికీ ఆ కుట్టే. ఆ చేతిని వేరే గుర్తుపట్టాలా? తల ఎత్తి భర్త వైపు చూసింది. బావ చొక్కా గుండీ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"సారీ అమ్మా," అంది ఆఫీసరమ్మ. "సీటు మార్చారు. బండి వెనక్కి తీసుకెళ్ళండి."

అక్క తిడుతుందని తంటా చెవులు ముందే సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ మాత్రం కారు చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి తలుపు తీసుకుని, పక్క సీట్లో కూర్చుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా అద్దంలోంచి చూస్తూ ఉండిపోయింది, స్కూల్లో రోజూ కూర్చున్నట్టే.

అది చూసి తంటాయే తల పక్కకి తిప్పుకున్నాడు. ఇంక బావ సంగతి చెప్పాలా? ఆయన గుండీ తెగి చేతికొచ్చింది.

"మేడమ్," అన్నాడు బావ. "పాత సీటు లోపలే ఉందండి."

"లోపలంటే?"

"మా పనిలో పాత కవరు చింపరండి. కిందది ఉంటేనే పైది నిలుస్తుంది. పాతదాని మీద స్పాంజి, దాని మీద కొత్తది. కుట్టు నేను కింద చుట్టిన గోనెపట్టా అంచుకి వేశాను. పాతదానికి సూది తగల్లేదు. స్ప్రింగు కూడా అలాగే ఉంటుంది."

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "విప్పి చూపించండి. సూది బెజ్జం ఒక్కటి కనిపించినా కుదరదు."

బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కో కుట్టూ కత్తెర కొసతో తెంపుతున్నాడు. కుట్టేటప్పుడు పాట పాడుతున్నట్టుండే చేతులు, విప్పేటప్పుడు ఒక్కో దారం దగ్గరా ఆగి ఆగి కదులుతున్నాయి. తంటా జోకు వేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. వాడి జన్మలో ఇది మొదటిసారి.

కాసేపటికి అక్క ఆ సీట్లోంచే ఇటు జరిగి, తెగిన దారం ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"నాకు నడుం నొప్పని మీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? పడుకుని లేచేటప్పుడు మంచం పట్టుకుని లేస్తావు."

"ఎప్పటినుంచి చూస్తున్నారు?"

"ఎప్పటినుంచో."

"మరి ఎప్పుడూ అనలేదే?"

"అంటే ఒప్పుకుంటావా?"

అక్క ఇంకో దారం ముక్క ఏరింది. "నన్ను అడిగి కుట్టుంటే బాగుండేది," అంది.

"అడిగితే కుట్టనిచ్చేదానివా?"

"కుట్టనిచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

"నోరు లేదు, నోరు లేదు అని ఇన్నాళ్ళూ మోసపోయాను," అంది అక్క. ఈసారి గొంతులో కోపం సగమే ఉంది.

కొత్త రెగ్జిను ఊడొచ్చింది, స్పాంజి ఊడొచ్చింది. కింద పాత కవరు దాని చిరుగుతో, దాని స్ప్రింగుతో చెక్కుచెదరకుండా ఉంది. ఆఫీసరమ్మ అంగుళం అంగుళం వేలితో తడిమింది. స్ప్రింగు గుచ్చుకుని ఆవిడ కూడా "అబ్బా" అంది. కాగితం మీద చివరి టిక్కు పెట్టి, ముద్ర వేసింది.

అక్క దిగి, మళ్ళీ కారు చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చింది. ఊడదీసిన స్పాంజిని కొత్త రెగ్జినులో చుట్టి, మడిచి, స్ప్రింగు మీద పెట్టింది. దాని మీద కూర్చుంది.

ఆఫీసరమ్మ కిటికీలోంచి చూసింది. "అదేంటి?"

"దిండు," అంది అక్క.

"కుట్టు ఏమైనా ఉందా?"

"ఒక్కటి లేదు."

ఆఫీసరమ్మ తన కాగితం పైనుంచి కింది దాకా చదివింది. "దిండుకి ఇందులో గడి లేదు. వెళ్ళండి," అంది. ఆ ముఖంలో అప్పుడు కూడా నవ్వు లేదు గానీ, ఎక్కడో దాని అడ్రసు మాత్రం దొరికింది.

గేటు కర్ర పైకి లేచింది. అక్క గేరు వేసింది. కళ్ళు తుడుచుకోడానికి ఒక చెయ్యి తీసింది, క్లచ్చు జారింది. కారు ఒక్క గెంతు గెంతి, సరిగ్గా గేటు కింద ఆగిపోయింది. వెనక లారీ హారను కొట్టింది. దాని వెనక ఇంకో లారీ అందుకుంది.

ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషి. తంటాకి ఇంతకంటే ఏం కావాలి? ఇల్లు చేరేదాకా, చేరాక కూడా పదేళ్ళు చెప్పుకునే సరుకు. నోరు తెరిచాడు. పక్క సీట్లోంచి బావ వెనక్కి తిరిగి, మైనం అంటిన చేత్తో వాడి నోరు మూసి, అలాగే పట్టుకున్నాడు.

"ఏంట్రా, ఏదో అనబోయావు?" అని అద్దంలోంచి అడిగింది అక్క.

తంటా తల అడ్డంగా ఊపాడు.

అక్క ముక్కు ఎగబీల్చి, దిండు సర్దుకుని, తాళం తిప్పింది.